కోల్‌కతా కెమెరా ఎక్కడ నిలబడింది?

సత్యజిత్ రే పుట్టింది 1921లో. మృణాల్ సేన్ 1923లో, రిత్విక్ ఘటక్ 1925లో పుట్టారు. ఈ మధ్యనే ముగ్గురి శతజయంతులూ వరుసగా వచ్చి వెళ్లాయి. సినిమా పాఠం చెప్పే తరగతి ఏదైనా ఈ మూడు పేర్లు రాకుండా ఉండవు. వారి షాట్ల గురించి, శబ్దాన్ని వాడిన తీరు గురించి, ఎడిటింగ్ గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. ఆ గౌరవానికి వారు అర్హులే. అయితే ఆ పాఠాల్లో అరుదుగా వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. కులం కథలోకి వచ్చినప్పుడు కోల్‌కతా దర్శకులు కెమెరాను ఎక్కడ పెట్టారు? ఎవరి పక్కన నిలబడి, ఎవరిని చూశారు?

ఈ ప్రశ్నను రాజకీయ ప్రశ్నగా పక్కన పెట్టి, 'కళ గురించి మాట్లాడుకుందాం' అనడం మన విద్యాలయాల్లో అలవాటే. కానీ సినిమా తీయడమంటేనే క్షణక్షణం ఎంచుకోవడం. ఎవరి ముఖాన్ని దగ్గరగా చూపాలి, ఎవరిని గుంపులో కలిపేయాలి, ఎవరికి పేరు పెట్టాలి, ఎవరి దుఃఖం మీద షాట్‌ను ఎంతసేపు నిలపాలి అన్నవే దర్శకుడి పనిముట్లు. వాడ ఊరికి ఎంత దూరంలో ఉండాలో కులం నిర్ణయించింది. ఫ్రేములో ఆ వాడ మనిషి ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించేది దర్శకుడు. కాబట్టి కులం గురించిన ప్రశ్న సినీ కళ గురించిన ప్రశ్నే.

1955లో వచ్చిన 'పథేర్ పాంచాలి'ని తీసుకుందాం. భారతదేశపు పల్లె పేదరికం అనగానే ప్రపంచానికి ఇప్పటికీ గుర్తొచ్చే బొమ్మ అది. అయితే ఆ పేదరికం ఎవరిది? పౌరోహిత్యం చేసుకునే హరిహర్ రాయ్ ఇంటిది. కూలిన గోడ, ఖాళీ కుండ, వైద్యం అందక పోయిన కూతురు. ఆ కష్టం నిజమైనది, దాన్ని రే చూపిన తీరు గొప్పది. అయినా ఆ పిల్లవాడు అపు ఎవరింట నీళ్లు తాగినా కుండ మైలపడదు. తర్వాతి చిత్రం 'అపరాజితో'లో అతను పూజారి పని వద్దని బడికి పోతానన్నప్పుడు బడి తలుపు తెరుచుకుంటుంది. స్కాలర్‌షిప్‌తో కోల్‌కతా చేరతాడు. బెంగాల్ పల్లెలో అదే కాలంలో ఆకలితో పాటు అంటరానితనాన్నీ మోసిన పిల్లలున్నారు. వారి బాల్యానికి అంత నిదానమైన, అంత ప్రేమగల కెమెరా దొరకలేదు. ఒక బ్రాహ్మణ కుటుంబపు కష్టం మొత్తం దేశపు పేదరికానికి ప్రతినిధి అయి కూర్చుంది.

బెంగాల్‌లో కులం లేదా? 2011 జనాభా లెక్కల ప్రకారం పశ్చిమ బెంగాల్‌లో షెడ్యూల్డ్ కులాల జనాభా 2 కోట్ల 14 లక్షలకు పైగా ఉంది. అంటే రాష్ట్ర జనాభాలో 23.5 శాతం. సంఖ్యలో చూస్తే ఉత్తరప్రదేశ్ తర్వాతి స్థానం బెంగాల్‌దే. నామశూద్రులు, రాజ్‌బంశీలు, బాగ్దీలు, మాలోలు ఆ నేల మనుషులు. 1946లో బొంబాయి నుంచి దారులు మూసుకుపోయినప్పుడు బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను రాజ్యాంగ సభకు పంపింది బెంగాల్. జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెంట నిలిచిన దళిత శాసనసభ్యులు ఆ పని చేశారు. అలాంటి నేల నుంచి వచ్చిన సినిమా 'మా దగ్గర ఉన్నది వర్గమే, కులం కాదు' అన్న భద్రలోక నమ్మకాన్ని చాలాకాలం మోసింది.

ఇక్కడ గమనించాల్సిన విచిత్రం ఉంది. కోల్‌కతా దర్శకులు దళితుడి కథ చెప్పాలనుకున్నప్పుడు తరచూ బెంగాల్ దాటి వెళ్లారు. మృణాల్ సేన్ 1977లో తెలంగాణ పల్లెకు వచ్చి తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. సత్యజిత్ రే 1981లో దూరదర్శన్ కోసం హిందీలో 'సద్గతి' తీశారు. దాని చిత్రీకరణ నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో జరిగింది. గౌతమ్ ఘోష్ 1984లో 'పార్' తీశారు. అందులో దళిత దంపతులు బిహార్ నుంచి పారిపోయి కోల్‌కతాకు వస్తారు. కులం కోల్‌కతా తెర మీదికి వచ్చినా, బయటి ఊరి నుంచి రైలెక్కి రావలసిందే అన్నట్టు.

ఘటక్‌ను ఇక్కడ విడిగా చెప్పుకోవాలి. ఆయన 'సుబర్ణరేఖ'లో శరణార్థుల మధ్య తల్లి నుంచి విడిపోయిన అభిరామ్ బాగ్దీ స్త్రీ కొడుకని తేలుతుంది. అంతవరకూ అతన్ని పెంచిన ఈశ్వర్, అతనికి తన చెల్లెలు సీతనిచ్చి పెళ్లి చేయడానికి ఒప్పుకోడు. దేశ విభజన అందరినీ ఒకేలా నిరాశ్రయులను చేసిందనే మాటను ఆ ఒక్క ఘట్టం కూలదోస్తుంది. ఇల్లు పోయినా కులం పోలేదు. బెంగాలీ సినిమా తన సొంత గడప మీదే కులాన్ని చూడగలదని ఘటక్ చూపారు. ఆ దారిలో నడిచినవారు తక్కువ.

'ఒక ఊరి కథ' మన భాషది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుదాం. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ దీనికి మూలం. సేన్, మోహిత్ చటోపాధ్యాయ కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. తెలుగు మాటలు యండమూరి వీరేంద్రనాథ్‌వి. కెమెరా కె.కె. మహాజన్‌ది. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. వెంకయ్య, అతని కొడుకు కిష్టయ్య పని చేయరు. కష్టపడ్డవాడు కష్టపడుతూనే ఉన్నాడు, తిన్నవాడు తింటూనే ఉన్నాడు, మరి నేనెందుకు చేయాలి అన్నది వెంకయ్య తర్కం. కోడలిగా వచ్చిన నీలమ్మ ఆ ఇంటిని ఒక దారికి తేవాలని చూస్తుంది. చివరికి ప్రసవ వేదనలో, పట్టించుకునే దిక్కులేక చనిపోతుంది.

వెంకయ్యగా నటించిన ఎం.వి. వాసుదేవరావు అంతకు రెండేళ్ల ముందే కన్నడంలో బి.వి. కారంత్ తీసిన 'చోమన దుడి'లో చోమ పాత్ర వేసి జాతీయ ఉత్తమ నటుడు అయ్యారు. శివరామ కారంత్ నవలలోని ఆ చోమ అంటరానివాడు. తన సొంతంగా ఒక చెక్క భూమి దున్నుకోవాలన్నది అతని జీవితకాలపు కోరిక. కులం ఆ కోరికను తీరనివ్వదు. అదే ముఖం ఒక సినిమాలో పని కోసం తపించింది, ఇంకో సినిమాలో పనిని తిరస్కరించింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సేన్ సినిమాలో ఏం కనిపిస్తోందో, ఏం కనిపించడం లేదో తెలుస్తుంది.

ప్రేమ్‌చంద్ తన కథ మొదట్లోనే ఆ కుటుంబం చమార్లదని చెప్పారు. సేన్ సినిమాలో బరువంతా భూస్వామికీ కూలీకీ నడుమ ఉన్న దోపిడీ మీద పడింది. కులం నేపథ్యంలోకి జరిగింది. 'కఫన్' హిందీలో వచ్చిన 1936లోనే అంబేడ్కర్ 'కుల నిర్మూలన' వెలువడింది. కులమంటే పనిని పంచుకోవడం మాత్రమే కాదని, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడగొట్టడమని ఆయన అందులో వాదించారు. ఈ వెలుగులో వెంకయ్యను చూడండి. తెలంగాణ పల్లెలో మాదిగ మనిషి 'నేను పని చేయను' అనడం ఒక్కడి సొంత తత్వంగా సాగే విషయం కాదు. చెప్పులు కుట్టడం, మోటకు తోలు పరికరాలు చేసివ్వడం, డప్పు కొట్టడం, చచ్చిన పశువును లాగడం, ఇవన్నీ పుట్టుకతో మెడకు కట్టిన వెట్టి. దాన్ని కాదంటే తిండి పోవడంతో ఆగదు, వాడ మొత్తం మీదికి ఊరు వస్తుంది. అందుకే మన చరిత్రలో పని తిరస్కారం ఎప్పుడూ సామూహిక నిర్ణయంగానే వచ్చింది. చచ్చిన పశువులను మోయబోమని మహారాష్ట్రలో మహర్లు కట్టుబడి నిలబడటం సోమరితనం కాదు, ఉద్యమం. వెంకయ్య తిరస్కారంలో కోపం ఉంది, వ్యంగ్యం ఉంది. ఆ తిరస్కారం వెనక ఉన్న వాడ మాత్రం లేదు. సేన్ గొప్ప సినిమానే తీశారు. అందులో మార్క్స్ కనిపించినంత స్పష్టంగా అంబేడ్కర్ కనిపించరు.

'సద్గతి'లో కులం పేరు దాచలేదు. కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకుందామని చమార్ దుఖీ బ్రాహ్మణుడు ఘాసీరామ్ ఇంటికి వెళ్తాడు. ఆయన ఊరికే రాడు కదా! వాకిలి ఊడ్వమంటాడు, పొట్టు మోయమంటాడు, చివరికి ముడులు తేలిన ఒక మొద్దు చూపించి చీల్చమంటాడు. ఖాళీ కడుపుతో ఆ ఎండలో గొడ్డలి ఎత్తి ఎత్తి దుఖీ అక్కడే కూలి చనిపోతాడు. వెట్టి అంటే ఏమిటో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు, ఇదే.

ఇక్కడ రే పనితనం చూడాలి. ఉపన్యాసం లేదు. గొడ్డలి దెబ్బ, చెక్కుచెదరని మొద్దు, మళ్లీ గొడ్డలి దెబ్బ. ఓం పురి శరీరం క్రమంగా అలిసిపోవడాన్ని మనం కూర్చుని చూడవలసి వస్తుంది. చనిపోయాక అసలు సమస్య మొదలవుతుంది. బ్రాహ్మణుల దారిలో శవం పడి ఉంది. దాన్ని ముట్టుకునేదెవరు? తెల్లవారుజామున ఘాసీరామ్ ఒక కర్రతో కాలిని పైకెత్తి, తాడు ఉచ్చు బిగించి, చచ్చిన పశువులను పారేసే చోటికి లాక్కుపోతాడు. ముట్టుకోకుండా శవాన్ని లాగే ఆ కిటుకును కెమెరా కళ్లు తిప్పుకోకుండా చూపుతుంది. అంటరానితనం మీద ఎన్ని వ్యాసాలు రాసినా ఆ కర్ర, ఆ తాడు చెప్పినంత చెప్పలేవు.

అయినా అందులోనే మరో కథ ఉంది. శవాన్ని ఎత్తమని ఘాసీరామ్ చమార్ల వాడకు వెళ్తే వారు కదలరు. అంతకు ముందే ఒక గోండు మనిషి వచ్చి, ఆ శవాన్ని ముట్టుకోవద్దని, పోలీసు విచారణ జరగాలని వారికి చెప్పి ఉంటాడు. ఒక గోండు, ఒక చమార్ వాడ, ఇద్దరూ కలిసి ఊరి కట్టుబాటును ఆ ఒక్క రోజు ఆపేశారు. ఇది తిరుగుబాటే. ప్రేమ్‌చంద్ కథలోనూ, రే సినిమాలోనూ ఇది ఒక మలుపుగా వచ్చి వెళ్లిపోతుంది. మన చూపు తిరిగి బ్రాహ్మణుడి ఇబ్బంది వైపు, అతని అపరాధం వైపు మళ్లుతుంది. వాడలోంచి వచ్చిన దర్శకుడైతే ఆ రాత్రి ఆ గుడిసెల్లో ఏం మాట్లాడుకున్నారో చూపించి ఉండేవాడేమో. ఎవరు భయపడ్డారు, ఎవరు ధైర్యం చెప్పారు, ఝురియా ఎలా ఏడ్చింది, రేపటి తిండి సంగతేమిటి? కెమెరా బ్రాహ్మణుడి గడప దగ్గర నిలబడి ఉన్నంతకాలం ఇవి కనపడవు.

ఈ రెండు సినిమాలకూ మూలం ప్రేమ్‌చందే కావడం కాకతాళీయం కాదు. సానుభూతిగల అగ్రకుల రచయిత రాసిన దళిత కథ చేతికి సులభంగా అందుతుంది. ఆ సానుభూతి మీద దళిత మేధావులు గట్టి చర్చే చేశారు. 2004లో ఢిల్లీలో భారతీయ దళిత సాహిత్య అకాడమీ 'రంగభూమి' ప్రతులను తగలబెట్టింది. ప్రసవ వేదనతో అరుస్తున్న భార్య పక్కన కూర్చుని దుంపలు కాల్చుకు తినే తండ్రీకొడుకుల్ని చమార్లుగా చూపడం న్యాయమా అని హిందీ దళిత విమర్శకులు 'కఫన్' మీద ప్రశ్నలు పెట్టారు. పుస్తకాలు తగలబెట్టడంతో ఏకీభవించకపోయినా, ఆ ప్రశ్నను తగలబెట్టలేం. దయతో చూసినా, ద్వేషంతో చూసినా, చూడబడేవాడికి మాట దక్కకపోతే అతను బొమ్మగానే మిగులుతాడు.

మాట దక్కితే ఏమవుతుందో కోల్‌కతాలోనే ఉదాహరణ ఉంది. అద్వైత మల్లబర్మన్ మాలో అనే జాలరి కులంలో 1914లో పుట్టారు. కోల్‌కతా వచ్చి పత్రికల్లో పనిచేశారు. క్షయతో 1951లో, నలభై ఏళ్లు కూడా నిండకుండానే పోయారు. ఆయన నవల 'తితాస్ ఏక్‌టి నదీర్ నామ్' పుస్తకంగా వచ్చింది ఆయన మరణం తర్వాత, 1956లో. దాన్ని ఘటక్ 1973లో బంగ్లాదేశ్‌లో సినిమాగా తీశారు. నది ఎండిపోతే ఒక కులం బతుకు ఎలా చెదిరిపోతుందో చూపే కథ అది. చివరి దృశ్యంలో బసంతి ఎండిన నదిలో ఇసుక తవ్వి నీటి కోసం వెతుకుతుంది. పచ్చని పైరులో ఆకు బూర ఊదుకుంటూ పరుగెత్తే పిల్లవాడు ఆమె కళ్లకు కనిపిస్తాడు. ఘటక్ కెమెరా అంత లోపలికి వెళ్లగలిగింది ఎందుకంటే, దారి చూపినవాడు ఆ నది ఒడ్డున పుట్టినవాడు. వల, నూలు, పెళ్లి, పండుగ, తగువు, ఆకలి అన్నీ లోపలి మనిషి చూపుతో వచ్చాయి. మాలోలు అందులో జాలిపడాల్సిన గుంపుగా ఉండరు. ప్రేమించే, పోట్లాడే, పాడుకునే మనుషులుగా ఉంటారు. దర్శకుడు బయటివాడైనా కథ లోపలిదైతే చూపు మారుతుందనడానికి 'తితాస్' సాక్ష్యం.

మన 'మా భూమి'లోనూ అలాంటి క్షణం ఉంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాణంలో 1980లో విడుదలైన ఆ సినిమా కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా వచ్చింది. దర్శకుడు కోల్‌కతావాడు. కానీ తెలంగాణ జనానికి ఆ సినిమాలో చెరగకుండా నిలిచిపోయింది గద్దర్. బండి యాదగిరి కట్టిన పాటను దళిత కళాకారుడు గద్దర్ తానే తెర మీద కనిపించి, తన గొంతుతో, తన శరీరంతో పాడారు. దొరను నిలదీసేవాడు అక్కడ ఎవరో నటుడి ముఖంలో కాకుండా తన ముఖంతోనే వచ్చాడు. ఆ కొద్ది నిమిషాల బలం ఎక్కడిదో సినిమా విద్యార్థులు ఆలోచించాలి.

చివరిగా రెండు సినిమాల్లో పందులను పోల్చి చూద్దాం. 'పార్'లో నౌరంగియా, గర్భిణి అయిన అతని భార్య రమ కోల్‌కతాలో పని దొరక్క, ఊరికి తిరిగి వెళ్లే ఖర్చుల కోసం పందుల మందను నది దాటించడానికి ఒప్పుకుంటారు. నసీరుద్దీన్ షా, షబానా ఆజ్మీ నీళ్లలో ఈదుతూ మందను తోలే ఆ దృశ్యాలను ఘోష్ స్వయంగా కెమెరా పట్టి తీశారు. అది మనిషి ఓర్పు మీద తీసిన అసాధారణమైన దృశ్యం. కడుపులో బిడ్డ బతికే ఉందని చెవి ఆనించి విన్నప్పుడు మనమూ ఊపిరి పీల్చుకుంటాం.

ఇక నాగరాజ్ మంజులే 2013లో మరాఠీలో తీసిన 'ఫాండ్రీ'. కైకాడీ కుర్రాడు జబ్యా కుటుంబం ఊరి పందిని పట్టాలి. అతను ఇష్టపడే అమ్మాయి, బడి పిల్లలు, ఊరి జనం అందరూ గుమిగూడి నవ్వుతూ చూస్తుంటారు. 'పార్'లో కెమెరా బాధపడేవారిని చూసింది. 'ఫాండ్రీ'లో కెమెరా బాధను వేడుకగా చూసేవాళ్లనూ చూసింది. చంపిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద అంబేడ్కర్, ఫూలే చిత్రాలు కనిపిస్తాయి. చివరికి జబ్యా విసిరిన రాయి తిన్నగా కెమెరా మీదికే వస్తుంది. అంటే మన మీదికి. 'పార్' చూసి ప్రేక్షకుడు జాలితో బయటికి వస్తాడు. 'ఫాండ్రీ' చూసి నేనెటు నిలబడి చూశాను అని తడుముకుంటూ వస్తాడు. ఈ తేడా ప్రతిభలో తేడా కాదు, చూపులో తేడా. ఆ రాయిని అటువైపు నుంచి విసరాలన్న ఊహ, అటువైపు నిలబడి చూసిన మనిషికి వచ్చింది.

అయితే దళితుల కథలు దళితులే తీయాలా, మిగతావారు తీయకూడదా అన్న ప్రశ్న వస్తుంది. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు. ఆపగల అధికారం వాడకు ఎప్పుడూ లేదు. ఆపే అధికారం ఉన్నది అటువైపే, ఇన్నేళ్లూ ఆపిందీ అటువైపే. 'సద్గతి' తీయకుండా ఉండాల్సింది అని ఈ సంపాదకీయం అనడం లేదు. ఆ ఒక్క సినిమాతో సరిపెట్టి, దళిత జీవితం తెరకెక్కిందని మనసు సమాధాన పరచుకోవడాన్ని ప్రశ్నిస్తున్నాం. కథ దొరకలేదనే సాకు కోల్‌కతాకు చెల్లదు. రిక్షా తొక్కిన మనోరంజన్ బ్యాపారీ ఆత్మకథ ఉంది. మనోహర్ మౌళి విశ్వాస్, కల్యాణీ ఠాకూర్ చాఁడాల్ రచనలున్నాయి. 1979లో మరిచ్‌ఝాపీ దీవిలో శరణార్థి దళితుల మీద జరిగిన దమనం ఉంది. లోధా శబర్ తెగలో తొలి మహిళా గ్రాడ్యుయేట్ చూనీ కోటాల్ విశ్వవిద్యాలయంలో ఎదుర్కొన్న కుల అవమానాల తర్వాత 1992లో ప్రాణం తీసుకుంది. రోహిత్ వేములను పోగొట్టుకున్న హైదరాబాద్ విద్యార్థులకు ఆ పేరు ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు.

ఇది కోల్‌కతా వైపు వేలు చూపి ఊరుకునే సంగతీ కాదు. తెలుగు సినిమా 1938లోనే 'మాలపిల్ల' తీసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు దళితుడు మన తెర మీద నమ్మిన బంటుగానో, నవ్వు పుట్టించే పాలేరుగానో, నాయకుడు కాపాడాల్సిన బాధితుడిగానో ఎక్కువగా కనిపించాడు. 2020లో కరుణ కుమార్ 'పలాస 1978' లాంటివి వచ్చినప్పుడు అవి వార్త అవుతున్నాయంటేనే మనం ఎక్కడున్నామో తెలుస్తోంది.

సినిమా చదివే, చెప్పే మిత్రులకు కొన్ని పనులు ఉన్నాయి. రే, సేన్, ఘటక్ సినిమాలను పాఠ్యాంశంగా చెప్పే ప్రతి తరగతిలో 'సద్గతి' పక్కన 'ఫాండ్రీ'ని, 'కఫన్' పక్కన దాని మీద వచ్చిన దళిత విమర్శను, ఘటక్ పక్కన మల్లబర్మన్‌ను పెట్టి చదివించాలి. 'ఒక ఊరి కథ' మీద తెలుగు విశ్వవిద్యాలయాల్లో గంభీరమైన పరిశోధన జరగాలి. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, పుణె ఇన్‌స్టిట్యూట్ ప్రజాధనంతో నడుస్తున్నవి. వాటిలో రిజర్వేషన్ సీటు సంపాదించిన విద్యార్థికి సీటుతో పాటు తన కథ తన పద్ధతిలో చెప్పుకునే స్థలమూ దక్కాలి. తన వాడ గురించి స్క్రిప్ట్ రాస్తే 'మళ్లీ కులమేనా' అనే మాట ఏ తరగతి గదిలోనూ వినపడకూడదు. ఎడిటింగ్ గదిలో, కెమెరా వెనక, శబ్దగ్రహణంలో ఎవరున్నారన్నదీ లెక్కలోకి రావాలి. చదువు, సంఘటితం, పోరాటం అని బాబాసాహెబ్ చూపిన దారిలో ఈ కాలపు అక్షరం కెమెరా కూడా.

రే కెమెరా తెల్లవారుజామున తాడు కట్టిన శవాన్ని చూపింది. అందుకు కృతజ్ఞులం. ఆ రాత్రి చమార్ల వాడలో శవాన్ని ఎత్తబోమని నిర్ణయించుకున్నవారి సినిమా ఇంకా రావలసి ఉంది. దాన్ని తీయబోయేవారు ఇవాళ ఏదో ఒక హాస్టల్ గదిలో స్క్రిప్ట్ రాసుకుంటూ ఉంటారు. వారి చేతికి కెమెరా అందేలా చూడటం మన బాధ్యత.